చిన్న కుక్కను పాము కరిస్తే మొదటి గంటలో ఏం చేయాలి

పొమేరియన్ కావచ్చు, పగ్ కావచ్చు, వీధిలోంచి తెచ్చి సాకిన బుజ్జిగాడు కావచ్చు. మొత్తం కలిపి అయిదారు కిలోల ఒళ్లు. ఎదురుగా ఉన్న ప్రాణి బరువు చూసి పాము విషం కొలిచి వదలదు. అరవై కిలోల మనిషి ఒంట్లోకి ఎంత దింపగలదో, అయిదు కిలోల కుక్క ఒంట్లోకీ అంతే దింపగలదు. కాబట్టి మనిషికి దొరికేంత వ్యవధి దానికి దొరకదు. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. కుక్క చిన్నది కదా, మందు కాస్త చాలులే అనుకుంటారు. విరుగుడు మందు లెక్క ఒంటి బరువును బట్టి కాదు, ఒంట్లోకి దిగిన విషాన్ని బట్టి. చిన్న కుక్కకూ పెద్ద కుక్కకు పట్టినన్ని వయల్స్ (ఇంజెక్షన్ సీసాలు) పట్టవచ్చు, ఒక్కోసారి ఎక్కువే పట్టవచ్చు.

ఇంట్లో చేయగలిగిన వైద్యం దాదాపు ఏమీ లేదు. విరుగుడు ఉన్న చోటికి దాన్ని ఎంత త్వరగా, ఎంత కదలనీయకుండా చేర్చారన్నదే మీ చేతిలో ఉన్న పని. కింద చెప్పేదంతా దానికోసమే.

ముందు కుక్కను పామునుంచి తప్పించండి

పాము ఇంకా అక్కడే ఉంటే కుక్కను పేరు పెట్టి పిలవండి, గొలుసు ఉంటే పట్టి లాగండి. మధ్యలో చెయ్యి పెట్టకండి. కర్ర తీసుకుని పామును వెంటాడితే ఆస్పత్రికి వెళ్లాల్సిన సమయం అక్కడే అయిపోతుంది, పైగా రెండో కాటు మీకు పడవచ్చు. చచ్చిన పామును సంచిలో వేసుకుని డాక్టరుకు చూపించే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది. తెగిన పాము తల కూడా కాసేపటిదాకా కాటు వేయగలదు. దూరం నుంచి ఫోన్లో ఒక ఫొటో తీయగలిగితే తీయండి, లేకపోతే వదిలేయండి. మన దగ్గర దొరికే విరుగుడు ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ ఒక్కటే. ఏ పామో తేలేదాకా ఆగాల్సిన పనిలేదు.

గడియారం చూసి టైము గుర్తుపెట్టుకోండి. డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే.

పామును ఎవరూ చూడకపోతే

చాలాసార్లు ఇలాగే జరుగుతుంది. పెరట్లోకి వెళ్లిన కుక్క ఒక్కసారి కీచుమని అరిచి లోపలికి పరుగెత్తుకొస్తుంది, లేదా తెల్లారి చూస్తే లేవలేక పడి ఉంటుంది. కుక్కలకు కాటు ఎక్కువగా మూతి మీద, ముందు కాళ్ల మీద పడుతుంది, వాసన చూడటానికి ముందు పెట్టేది అవే కదా. పొమేరియన్ లాంటి దట్టమైన బొచ్చులో కోరల గుర్తులు వెతుకుతూ కూర్చోకండి. ఒక్క గుర్తే ఉండవచ్చు, అసలు ఏమీ కనపడకపోవచ్చు.

పింజరి జాతి కాటయితే నొప్పి, వాపు గబగబా వస్తాయి. కరిచిన చోటునుంచి పల్చటి రక్తం కారుతూనే ఉంటుంది, గడ్డ కట్టదు. తర్వాత చిగుళ్లలో, ముక్కులో రక్తం, ఎర్రగా లేదా కాఫీ రంగులో మూత్రం. నాగుపాము కాటుకూ వాపు ఉంటుంది, కానీ అసలు ప్రమాదం నరాల మీద. కనురెప్పలు వాలిపోతాయి, చొంగ కారుతుంది, గొంతు మారుతుంది, వెనక కాళ్లు తూలతాయి, చివరికి ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి.

నన్నడిగితే వీటన్నిట్లోకీ మోసకారి కట్లపాము. రాత్రిపూట తిరుగుతుంది. వాపు ఉండదు, నొప్పి పెద్దగా ఉండదు, గుర్తు దోమ కుట్టినంత కూడా కనపడదు. కుక్క రెండు మూడు గంటలు మామూలుగానే ఉండి, వాంతి చేసుకుని, ఆ తర్వాత నడుము పడిపోయినట్టు కూలబడుతుంది. "వాపు లేదు కాబట్టి విషం ఎక్కలేదు" అన్న మాట మీ ఇంట్లో ఎవరైనా అంటే వినకండి.

కందిరీగ కుట్టినా మూతి వాస్తుంది. గోదురుకప్పను నోట కరిచినా నురగ కక్కుతుంది. నిజమే. విషం లేని జెర్రిపోతు, నీరుకట్టు కరిచి ఉండవచ్చు, విషప్పాము కరిచినా విషం వదలకపోయి ఉండవచ్చు. ఇవన్నీ ఇంటి అరుగు మీద తేలే సంగతులు కావు. బయల్దేరండి. పాము కాదని క్లినిక్‌లో తేలితే పోయేది ఆటో చార్జీ.

కుక్కను ఎలా ఎత్తుకోవాలి

మెడపట్టీ, బెల్టు, గంట, కాలికి కట్టిన తాడు, పండక్కి వేసిన చొక్కా, అన్నీ ముందే తీసేయండి. మూతి మీదో మెడ మీదో కాటు పడితే పావుగంటలో మెడ వాచి, పట్టీ గొంతుకు ఉరిలా బిగుస్తుంది. బకిల్ రాకపోతే కత్తెరతో కోసేయండి.

నడవనివ్వకండి. కారు దాకా నాలుగడుగులే కదా అనుకున్నా వద్దు. కండరాలు కదిలేకొద్దీ విషం తొందరగా పాకుతుంది. తువ్వాలు పరిచి, పక్కకు పడుకోబెట్టి, తువ్వాలు నాలుగు మూలలూ పట్టి ఎత్తండి. అట్టపెట్టె, కూరగాయల ప్లాస్టిక్ ట్రే, పిల్లల స్నానపు టబ్, ఏదైనా స్ట్రెచరే. కాలికి కరిస్తే ఆ కాలు గుండెకన్నా పైకి లేవకుండా, ఊగకుండా పట్టుకోండి. కాలికి వదులుగా స్కేలు కట్టి కదలకుండా చేయగలిగితే మంచిదే, అది కట్టడానికి అయిదు నిమిషాలు పడితే మానేయండి.

నొప్పిలో ఉన్న కుక్క మీ చేతిలో పెరిగిందే అయినా కరుస్తుంది. తలను తువ్వాలుతో వదులుగా చుట్టి పట్టుకోండి కానీ మూతికి గుడ్డ కట్టకండి. వాంతి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మూతి వాస్తుంటే ఊపిరే ఆడదు. పగ్, షిట్జు లాంటి పొట్టి ముక్కు కుక్కలకు ఇది మరీ ప్రమాదం. కంగారులో అది మిమ్మల్ని కరిస్తే సబ్బుతో పావుగంట నీళ్ల కింద కడుక్కుని, దాని పని అయ్యాక మీ రేబిస్ ఇంజెక్షన్ సంగతి చూసుకోండి.

ఫోన్: ఎవరికి, ఏమని

ఒకరు కుక్కను పట్టుకుంటే ఇంకొకరు ఫోన్ చేయాలి. బండి ఎక్కాక చేసినా సరే, ఫోన్ మాత్రం చేయాల్సిందే. ఊళ్లో పెట్ క్లినిక్‌లు చాలా ఉంటాయి, పాముకాటు ఇంజెక్షన్ నిల్వ ఉంచేవి కొన్నే. ఫోన్ ఎత్తగానే సూటిగా అడగండి:

"కుక్కను పాము కరిచింది, అరగంటలో మీ దగ్గరుంటాం. యాంటీ స్నేక్ వెనమ్ ఇప్పుడు స్టాకుందా? ఎన్ని వయల్స్ ఉన్నాయి? డాక్టర్ గారు ఉన్నారా? ఆక్సిజన్ ఉందా, గొంతులో గొట్టం వేసి ఊపిరి అందించగలరా?"

లేదంటే వెంటనే ఇంకో చోటికి. స్టాకు లేకపోయినా డాక్టర్ అందుబాటులో ఉంటే వాట్సాప్‌లో చీటీ రాసి పంపమనండి. పశువులకు వాడేదీ మామూలుగా మనుషులకు తయారయ్యే మందే, కాబట్టి పెద్దాసుపత్రుల ముందుండే మెడికల్ షాపుల్లో దొరికే అవకాశం ఎక్కువ. ఇంట్లో ఇంకొకరిని ఆ పని మీద పంపి, మీరు కుక్కతో క్లినిక్‌కు వెళ్లండి. ప్రభుత్వాసుపత్రిలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉన్న వయల్స్ మనుషుల కోసం ఉంచినవి. అక్కడ వాదన పెట్టుకుని టైము పోగొట్టుకోకండి.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962కి ఫోన్ చేస్తే సంచార పశు వైద్య వాహనం సంగతి చెబుతారు. అది ప్రధానంగా పాడి పశువుల కోసం నడిచేది. అయినా దగ్గర్లో ఏ పశువుల ఆస్పత్రి తెరిచి ఉందో తెలుసుకోవడానికి పనికొస్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లు రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి, నారాయణగూడ సూపర్ స్పెషాలిటీ పశు వైద్యశాల గుర్తుపెట్టుకోవాలి. వరంగల్ వైపు మామునూరు, కృష్ణా గుంటూరు వైపు గన్నవరం, రాయలసీమలో తిరుపతి, ప్రొద్దుటూరు, ఉత్తరాంధ్రలో గరివిడి, ఇక్కడన్నీ వెటర్నరీ కాలేజీలున్నాయి. రాత్రి పదింటికి ఎవరుంటారో, మందు ఉంటుందో లేదో మాత్రం ముందే కనుక్కుని ఉంచుకోవాల్సిన విషయం.

చేయకూడనివి

తాడు బిగించి కట్టకండి. కాలు కుళ్లిపోతుంది, విప్పిన క్షణాన విషమంతా ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. బ్లేడుతో కోయకండి, ముఖ్యంగా పింజరి కాటయితే కోసిన చోట రక్తం ఆగదు. నోటితో పీల్చకండి. ఐసు, పొటాషియం పర్మాంగనేట్, పసుపు ముద్ద, సున్నం ఏవీ వద్దు. నల్లరాయి అంటించడం, పసరు పోయడం, మంత్రం వేయించడం కూడా అంతే. వీటికి పేరెందుకొచ్చిందో ఊహించడం కష్టం కాదు. కరిచిన పాముల్లో చాలావాటికి విషం ఉండదు, ఉన్నవి కూడా ప్రతిసారీ వదలవు. బతకాల్సింది బతికితే పేరు మంత్రానికి వస్తుంది. మనిషికైతే వేపాకు నమిలించి చేదు తెలుస్తోందా అని అడుగుతారు, కుక్క ఆ పరీక్ష కూడా తప్పించుకుంది పాపం.

నోటి ద్వారా ఏమీ ఇవ్వకండి. పాలు, నెయ్యి, గుడ్డు, మంచినీళ్లు కూడా. మింగే శక్తి పడిపోతుంటే అదంతా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు, పారాసెటమాల్, బ్రూఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్, అసలు ముట్టుకోకండి. పాము కరవని కుక్కకే ఇవి ప్రమాదం. రక్తం గడ్డకట్టని స్థితిలో, కిడ్నీలు దెబ్బతినే సమయంలో ఇస్తే చేజేతులా చంపినట్టే.

దారిలో ఊపిరి ఆగిపోతే

కారులో ఏసీ వేయండి. కుక్కను పక్కకు పడుకోబెట్టి మెడ తిన్నగా సాచి, మూతి కొంచెం కిందికి వంచితే చొంగ బయటికి కారుతుంది. నాలుక పక్కకు లాగి ఉంచండి. రెండు మూడు నిమిషాలకోసారి పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. ఆరోగ్యంగా ఉన్న కుక్క చిగురు లేత గులాబీ రంగులో ఉంటుంది, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగొస్తుంది. పాలిపోయినా, నీలం తిరిగినా చెడు గుర్తు. వాపు ఎంతవరకు పాకిందో పెన్నుతో గీత గీసి టైము రాస్తే డాక్టరుకు ఎంతో ఉపయోగం.

నాగుపాము, కట్లపాము కాటులో ఒక విచిత్రం ఉంటుంది. ఊపిరి ఆగిపోతుంది కానీ గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది. కళ్లు తెరిచినవి తెరిచినట్టే, కనుపాపలు పెద్దవై, పిలిస్తే కదలదు. పోయిందనుకుని చాలామంది అక్కడితో వదిలేస్తారు. మోచెయ్యి ఆనే చోట, ఎడమ పక్కటెముకల మీద వేళ్లు పెట్టి చూడండి. గుండె తెలుస్తుంటే ఊపిరి మీరు పోయవచ్చు. నోరు మూసి పట్టుకుని, మీ చేతిని గొట్టంలా దాని ముక్కు చుట్టూ చేర్చి, అందులోంచి ఊదండి. ఛాతీ కొద్దిగా పైకి లేచేంత చాలు, చిన్న కుక్క కదా, బుగ్గల్లో ఉన్న గాలి సరిపోతుంది. ఆరు సెకన్లకు ఒకటి చొప్పున. గుండె కూడా తెలియకపోతే ఒక చేత్తోనే ఛాతీని బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య పట్టుకుని నిమిషానికి నూరు నుంచి నూట ఇరవై సార్లు నొక్కండి, ముప్ఫై నొక్కులకు రెండు ఊదులు. క్లినిక్ గుమ్మం దాకా ఆపకండి.

క్లినిక్‌లో ఏం జరగాలి

డాక్టర్ పని డాక్టరే చేస్తారు. అయినా మీకు కొంత తెలిసి ఉంటే మంచిది, ఎందుకంటే కొన్నిచోట్ల "సెలైన్ పెట్టాం, డెక్సా ఇచ్చాం, అవిల్ ఇచ్చాం, ఇంటికి తీసుకెళ్లండి" అంటారు. డెక్సా స్టెరాయిడ్, అవిల్ ఎలర్జీ మందు. ఇవేవీ విషానికి విరుగుడు కావు. విషం ఎక్కిన గుర్తులు కనిపిస్తుంటే విరుగుడు ఒక్కటే, యాంటీ స్నేక్ వెనమ్. అది లేదంటే ఉన్న చోటికి పంపమని అడగండి. ఊపిరి అందక కొట్టుకుంటుంటే మాత్రం ఏ డాక్టర్ దగ్గరైతే దగ్గర, అక్కడ ముందు గొట్టం వేయించండి.

పింజరి అనుమానం ఉంటే ఒక చిన్న పరీక్ష ఉంది, దానికి ల్యాబ్ కూడా అక్కర్లేదు. పొడిగా, శుభ్రంగా ఉన్న కొత్త గాజు టెస్ట్ ట్యూబ్‌లో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా నిలబెడతారు. ఇరవై నిమిషాల తర్వాత ట్యూబ్‌ను వంచి చూస్తారు. ముద్దగా గడ్డకట్టి అంటుకుని ఉంటే సరే, నీళ్లలా జారిందంటే విషం రక్తంలో పనిచేస్తోందన్నమాట. ప్లాస్టిక్ ట్యూబ్ పనికిరాదు, మధ్యలో ఊపి చూసినా తప్పు ఫలితం వస్తుంది. మొదట్లో బాగున్నా కొన్ని గంటలకు మళ్లీ చేయాల్సి వస్తుంది. మళ్లీ ఎప్పుడు చేస్తారని అడగండి.

ఇంజెక్షన్ పొడి రూపంలో వస్తుంది. దాంతో ఇచ్చిన నీళ్లు కలిపి మెల్లగా తిప్పుతూ కరిగిస్తారు. గట్టిగా ఊపితే నురగ కడుతుంది కాబట్టి కొన్ని నిమిషాలు పడుతుంది, ఓపిక పట్టండి. తర్వాత సెలైన్‌లో కలిపి నరంలోకి ఎక్కిస్తారు. అయిదు కిలోల కుక్కకు పెద్ద సీసా సెలైన్ గబగబా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అందుకే మందు తగ్గించరు, కలిపే సెలైన్ తగ్గిస్తారు. ఈ మందు గుర్రాల రక్తం నుంచి తయారైనది కాబట్టి కొన్ని కుక్కలకు పడదు. దద్దుర్లు, మొహం వాపు, వాంతి, వణుకు కనపడితే వెంటనే పిలవండి. అందుకే మందు పడకపోతే ఇచ్చే అడ్రినలిన్ పక్కన సిద్ధంగా పెట్టుకుని మొదలుపెడతారు. నరం ద్వారా కాక కరిచిన చోట గుచ్చుతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

నాగుపాము కాటయితే చచ్చుబడిన కండరాలకు పట్టు తెచ్చే నియోస్టిగ్మిన్, దాని దుష్ఫలితాలను ఆపే అట్రోపిన్ ఇస్తే కొన్నిసార్లు రెప్పలు పైకి లేస్తాయి. కట్లపాముకు అంత పనిచేయదు, ఊపిరి సంచితో గంటల తరబడి, ఒక్కోసారి రోజంతా ఊపిరి అందించాల్సి వస్తుంది. మనుషులు మారుతూ సంచి నొక్కడమే వైద్యం, మీరూ ఒక చెయ్యి వేయాల్సి రావచ్చు. చచ్చుబడిన కుక్కకు మీ మాట వినపడుతూనే ఉంటుంది, పక్కన మాట్లాడుతూ ఉండండి.

ఖర్చు గురించి మొహమాట పడకుండా ముందే అడగండి. ఒక్కో వయల్ వందల రూపాయలు, ఎన్ని పడతాయో మొదట్లో ఎవరూ చెప్పలేరు.

విశాఖ, అల్లూరి జిల్లాల కొండల్లో ఉండేవాళ్లకు ఒక మాట. గిరినాగు, చెట్ల మీది పచ్చ పింజరి ఈ నాలుగు పాముల జాబితాలో లేవు. వాటికి ఈ ఇంజెక్షన్ నమ్మకంగా పనిచేయదు. అక్కడైతే ఫొటో విలువ ఎక్కువ.

ఇంటికొచ్చాక

కనీసం ఒక రోజు క్లినిక్‌లో ఉంచడం మేలు. ఇంటికి తెచ్చాక రెండు మూడు రోజులు మూత్రం రంగు, ఎంత పోస్తోందన్నది చూడండి. రక్తపింజరి కాటులో కుక్క లేచి తోక ఊపాక కూడా కిడ్నీలు దెబ్బతినవచ్చు. మూత్రం తగ్గినా, ఎర్రబడినా, తిండి మానేసి వాంతులు చేసుకున్నా వెంటనే తీసుకెళ్లండి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయిస్తారు. కాటు చోట చర్మం నల్లబడి ఊడిపోవడం మామూలే. నాకకుండా మెడకు గరాటు పట్టీ వేసి, డాక్టర్ చెప్పినట్టు కట్టు మార్చాలి. వారం పది రోజులకు జ్వరం, కీళ్ల నొప్పులు వస్తే అది మందు వల్ల కావచ్చు, చెప్పి చూపించండి.

ఇక ఇవాళే చేయదగ్గ పనులు. ఇంజెక్షన్ ఉన్న రెండు క్లినిక్‌లు, రాత్రి తెరిచి ఉండే ఒక ఆస్పత్రి కనుక్కుని నంబర్లు ఫ్రిజ్ మీద అంటించండి. వానాకాలం మొదలయ్యే ముందు మళ్లీ ఫోన్ చేసి స్టాకు అడగండి. టౌనుకు గంటన్నర దూరంలో తోటలో ఉండేవాళ్లు డాక్టర్ సలహాతో కొన్ని వయల్స్ కొని పెట్టుకోవడం తెలివైన పనే. పొడి రూపంలోదే అడిగి తీసుకోండి, గడువు తేదీ చూడండి. మీరు గుచ్చడానికి కాదు, వెంట తీసుకెళ్లడానికి.

పామును చంపడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. పెరట్లో మళ్లీ కనపడితే హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు వచ్చి పట్టుకెళ్తారు, మిగతా చోట్ల అటవీ శాఖకు చెప్పండి. ఎలుకలుంటే పాములు వస్తాయి. కుక్క గిన్నెలో మిగిలిన అన్నం రాత్రంతా బయట వదలకండి, గడ్డివాము, కట్టెల మోపు, ఇటుకల గుట్ట దగ్గరికి దాన్ని పోనివ్వకండి. రాత్రి మూత్రానికి వదిలేటప్పుడు గొలుసు పట్టుకుని, టార్చ్ ముందు నేల మీద వేసి, తర్వాతే దాన్ని దింపండి.